ఫిట్స్ రావాలి

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. మాణిక్యం కీడెంచడం దగ్గరే ఆగిపోయిన మనిషి. మేలెంచే దాకా వెళ్ళడానికి పదిహేనేళ్ళుగా ఆవిడకు తీరిక చిక్కలేదు. వంటింట్లో గిన్నె కింద పడితే ముందు గిన్నె వైపు చూడదు, కూతురు ఎక్కడుందో చూస్తుంది. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగితే తలుపు కొడుతుంది. ఆగకపోతే ఎందుకు ఆగలేదని కొడుతుంది. ఢిల్లీ ద్వారకలో వాళ్ళుండే రెండు గదుల ఫ్లాటులో ఏ తలుపుకూ లోపలి గడియ లేదు. భర్త నోవహు చేత అన్నీ ఊడదీయించింది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు స్నానానికి వెళ్తే, లోపల మనిషి ఉన్నట్టు తెలిసేలా దగ్గుతూ ఉండాలి.

ఇంత భయం ఆవిడ పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. నరసాపురం దగ్గరి పల్లె నుంచి ఒక ట్రంకుపెట్టె, నర్సింగు సర్టిఫికెట్టు పట్టుకుని ఇరవై ఒకటో ఏట ఒంటరిగా ఢిల్లీ రైలెక్కిన పిల్ల ఆవిడ. జనక్‌పురిలో ఒక నర్సింగ్‌హోములో పాతికేళ్ళకు పైగా చేస్తోంది. నెత్తురు చూసి కుర్ర డాక్టర్లు తెల్లమొహం వేసిన రోజున కూడా సిస్టర్ మాణిక్యం చెయ్యి వణకలేదని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ చేతికి వణుకు నేర్పింది కూతురి జబ్బు.

కూతురు అనుగ్రహకు ఇరవై రెండేళ్ళు. ఏడో ఏట మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. అప్పటి నుంచి నెలకు నాలుగో అయిదో వస్తూనే ఉన్నాయి. మందులు మారాయి, మోతాదులు పెరిగాయి, పిల్ల ఒళ్ళు పెరిగింది, చదువు వెనకబడింది. ఫిట్స్ మాత్రం అద్దె కట్టకుండా కూర్చున్న కిరాయిదారులా కదల్లేదు.

వాటి రాక మాణిక్యానికి తెలిసినంతగా అనుగ్రహకే తెలియదు. ముందు పిల్ల కళ్ళు ఒక్క క్షణం ఎక్కడో ఆగిపోతాయి. చెయ్యి పొట్ట మీదకు పోతుంది. "మమ్మీ, వో స్మెల్" అంటుంది. రబ్బరు కాలిన వాసన వస్తుందట, మరెవరికీ రాదు. అంతే, మాణిక్యం ఎక్కడున్నా వచ్చి పిల్ల కుడి చెయ్యి పట్టుకుని బొటనవేలితో అరచేతిని నొప్పి పుట్టేలా రుద్దుతూ, "ద్వారక మోడ్ తర్వాత ఏ స్టేషను? చెప్పు. నవాదా తర్వాత?" అని మెట్రో స్టేషన్లన్నీ వరసగా చెప్పిస్తుంది. ఒక్కోసారి కీర్తి నగర్ చేరేలోగా వాసన పోతుంది, ఫిట్స్ రావు. ఒక్కోసారి ఉత్తమ్ నగర్ దగ్గరే మాట ముద్దయిపోతుంది. ఇది ఏ డాక్టరూ నేర్పింది కాదు. తల్లి తంటాలు పడి కనిపెట్టుకున్నది.

ఆపలేకపోతే రెండో పని కప్పడం. అనుగ్రహకు పద్నాలుగేళ్ళప్పుడు, ఆదివారం తెలుగు ఆరాధన జరుగుతుండగా చర్చిలోనే పడిపోయింది. బట్టలు తడిసిపోయాయి. వెనక బెంచీ నుంచి ఎవరో ఫోను పైకెత్తి వీడియో తీశారు. మాణిక్యం చీర కొంగు పిల్ల మీద కప్పి, జనానికి వీపు పెట్టి, ఫిట్స్ ఆగేదాకా గోడలా నిలబడింది. ఆ ఫోను ఎవరిదో ఆవిడకు తెలుసు. ఇవాళ్టికీ ఆ మనిషికి వందనాలు చెప్పదు. అప్పటి నుంచి ఎక్కడ ఫిట్స్ వచ్చినా ముందు ఏదో ఒకటి కప్పేస్తుంది, తర్వాతే మిగతా సంగతి చూస్తుంది.

అయినా ఇవన్నీ తట్టుకుని బతుకుతూనే ఉన్నారు. వాళ్ళను ఆపరేషను దాకా నెట్టింది సాయిసుధ చావు.

సాయిసుధ గుంటూరు పిల్ల. కరోల్ బాగ్‌లో హాస్టల్లో ఉండి సివిల్స్‌కు చదువుకునేది. మూడు నెలలకోసారి మూర్ఛ జబ్బుల ఓపీలో అనుగ్రహ పక్కన కూర్చునేది. ఇద్దరికీ ఒకటే ఈడు, ఒకటే జబ్బు. వరస పిలిచేలోపు ఇద్దరూ ఫోనులో ఏవో చూసుకుని నవ్వుకునేవాళ్ళు. కిందటేడు అక్టోబరులో ఆ పిల్ల రాలేదు. ఫోను చేస్తే తండ్రి ఎత్తాడు. హాస్టలు గదిలో బోర్లా పడుకుని ఉందట, పొద్దున్న లేవలేదట.

ఆ రోజు ఓపీలో పిల్లను చూసే డాక్టర్ నందితా సూద్ దాచకుండా చెప్పింది. మందులకు లొంగని మూర్ఛ నిద్రలోనే ప్రాణం తీయడం అరుదే గాని లేనిది కాదంది. నర్సుగా మాణిక్యానికి ఆ మాట ఎప్పుడో తెలుసు. తల్లిగా వినడం అదే మొదటిసారి. ఆ రాత్రి నుంచి చున్నీ ఒక కొస తన మణికట్టుకు, రెండో కొస కూతురి మణికట్టుకు కట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది. పిల్ల కదిలితే భయం, కదలకపోతే అంతకన్నా భయం.

"నాలుగు రకాల మందులు చూశాం," అంది డాక్టరు హిందీలో. "అయిదోది ఇస్తాను, ఇవ్వనని కాదు. కానీ దాంతో తగ్గుతుందన్న ఆశ నాకు తక్కువ. స్కానులో మెదడు కుడివైపు చిన్న మచ్చ కనిపిస్తోంది. ఫిట్స్ నిజంగా అక్కడి నుంచే పుడుతున్నాయని రుజువైతే ఆ ముక్క తీసేయొచ్చు. ఎడమవైపు నుంచి అయితే మాటలు పోయే ప్రమాదం ఉంది, నేను ఒప్పుకోను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిద్రలో పోతుందేమోనన్న భయం ఒకవైపు, తల కోస్తారన్న భయం మరోవైపు. అనుగ్రహే అంది, "ముఝే కరానా హై." చేయించుకుంటానని. పిల్లకు తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే ఇస్తుంది. గట్టి మాటలైతే మరీను.

రుజువు కోసం ఆసుపత్రిలో అయిదు రోజులు ఉండాలన్నారు. తల నిండా తీగలు అంటించి, పైన కెమెరా పెట్టి, మందులు తగ్గించుకుంటూ పోయి, ఫిట్స్ ఎప్పుడొస్తాయా అని కనిపెట్టుకుని కూర్చుంటారు. వచ్చినప్పుడు మెదడులో ఎక్కడ మొదలైందో తీగలు రాస్తాయి. ఒళ్ళు ఎటు ఎలా కదిలిందో కెమెరా చూస్తుంది. కనీసం మూడు స్పష్టంగా పడాలి. అలాంటి మంచాలు అక్కడ రెండే. ఈసారి పడకపోతే మళ్ళీ పదకొండు నెలలు ఆగాలి. ఆ పదకొండు నెలల రాత్రులను మాణిక్యం అక్కడికక్కడే లెక్కపెట్టుకుంది.

సోమవారం పొద్దున్నే చేరారు. టెక్నీషియన్ ప్రమీలా దీదీ జిగురుతో తీగలంటిస్తూ పాఠం చెప్పినట్టు చెప్పింది. రాగానే ఈ బటన్ నొక్కాలి. దుప్పటి తీసేయాలి. కెమెరాకు అడ్డం రాకూడదు. పేరు అడగాలి, పెన్ను చూపించి ఇదేంటని అడగాలి. పట్టుకోకూడదు. ఫిట్స్ అయిదు నిమిషాలు దాటితే ఇంజెక్షను సిద్ధంగా ఉంటుంది.

మాణిక్యం అన్నిటికీ తల ఊపింది. పాతికేళ్ళ సర్వీసు మనిషి, ఒకరు చెప్పాలా. కానీ ఆ సాయంత్రం ట్రేలో మాత్రలు సగమే వచ్చేసరికి ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టి చూసుకుంది. పదిహేనేళ్ళుగా గడియారం చూసి వేసిన మాత్రలవి. ఒక్కసారి అరగంట ఆలస్యమైందని నోవహుతో రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు డాక్టర్లే మానేయమంటున్నారు. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే కదా అనుకుంది. పైగా మూర్ఛ మీద మూర్ఛ వచ్చి ఆగకపోతే మనిషి ఏమవుతాడో ఆవిడ తన వార్డులో కళ్ళారా చూసింది. ఆ మనిషి మొహం ఆ వారమంతా ఆవిడ కళ్ళముందు తిరిగింది.

మంగళవారం మధ్యాహ్నం మొదటిది వచ్చింది. మాణిక్యం బటన్ నొక్కింది. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత తనేం చేసిందో ఆవిడకు తెలియదు. డాక్టర్ సూద్ వచ్చి రికార్డింగు చూసి నిట్టూర్చింది. తెరనిండా మాణిక్యం వీపే ఉంది. పిల్ల మెడదాకా దుప్పటి ఉంది.

"మాణిక్యంజీ, ఎడమ చెయ్యి ఏం చేసిందో నాకు కనిపించాలి. దుప్పటి కింద ఏం చూడను?"

"అలవాటు మేడం," అంది మాణిక్యం. తల వంచుకుంది. ట్రైనింగు రోజుల తర్వాత ఎవరిచేతా మాట పడని మనిషి.

ఆ ఫిట్స్ లెక్కలోకి రాలేదు. బుధవారం ఏమీ రాలేదు. గురువారం మందులు పూర్తిగా ఆపేశారు. అంతకు ముందు రెండు రాత్రులూ నిద్రపోనివ్వకుండా పిల్లను కూర్చోబెట్టారు. అయినా రాలేదు. అయిదారు సార్లు వాసన వచ్చిందంది, అంతలోనే పోయింది.

గురువారం పదకొండు గంటలకు జ్ఞానకుమారి ఫోను చేసింది. చర్చిలో స్త్రీల సహవాసం నడిపేది ఆవిడే. మనిషి వెన్న, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది.

"వందనాలు మాణిక్యం. పిల్లకెలా ఉంది?"

"వందనాలక్కా. ఏం రాలేదక్కా ఇంతవరకూ."

"చూశావా మరి. సోమవారం నుంచి గొలుసు ప్రార్థన పెట్టించాను. గంటకో ఇల్లు. ఫిట్స్ రాకూడదని అందరం ఉపవాసం ఉండి మరీ అడుగుతున్నాం. దేవుడు ఆలకించాడు."

మాణిక్యం వరండా గోడకు ఆనుకుంది. "అక్కా, ఆలకించకూడదక్కా. ఇక్కడ ఫిట్స్ రావాలి. రాకపోతే ఆపరేషను లేదు. రేపు సాయంత్రం మంచం ఖాళీ చెయ్యాలి. మీరు ఫిట్స్ రావాలని ప్రార్థన చెయ్యండి."

పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు ఒక దిక్కుకు లాగుతున్న తాడును వెనక్కి లాగమంటే ఎవరికి మాత్రం చేతులొస్తాయి. "అలా ఎలా అడుగుతామే పసిపిల్ల మీద," అంది జ్ఞానకుమారి. "నోరు రాదు నాకు."

"నాకూ రావట్లేదక్కా," అంది మాణిక్యం. అది పచ్చి నిజం. మూడు రోజులుగా మోకరించడం, ఏం అడగాలో తెలియక లేచిపోవడం, అదే పనైంది ఆవిడకు.

మధ్యాహ్నం డాక్టర్ సూద్ పక్క గదిలోకి పిలిచింది. గొంతు మెత్తగానే ఉంది.

"ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. మీరు నర్సు. పిల్లకు మీరేమైనా మాత్ర వేస్తున్నారా?"

మాణిక్యానికి ఒళ్ళంతా మంట పెట్టినట్టయింది. "లేదు మేడం. కావాలంటే నా బ్యాగు చూడండి."

"నమ్ముతాను. అయితే ఇది చూడండి."

తెర మీద బుధవారం రికార్డింగు నడిచింది. తనను తాను పైనుంచి చూసుకోవడం మాణిక్యానికి అదే మొదలు. మంచం మీద పిల్ల పుస్తకం చూస్తోంది. కుర్చీలో తను. పిల్ల ఇంకా ఏమీ అనలేదు, కదలనైనా లేదు. తన చెయ్యి మాత్రం అప్పటికే లేచి, పిల్ల చెయ్యి అందుకుని రుద్దుతోంది. పెదవులు ఏదో అడుగుతున్నాయి. డాక్టరు మరో చోటికి జరిపింది. మళ్ళీ అదే. ఇంకో చోట ఆవిడ కునికిపాట్లు పడుతోంది. కళ్ళు మూసే ఉన్నాయి, చెయ్యి మాత్రం వెళ్ళింది. గురువారం పొద్దుటివీ కలుపుకుని మొత్తం ఆరుసార్లు.

"ఇది అందరికీ పనిచేయదు," అంది డాక్టరు. "మీ అమ్మాయికి కొన్నిసార్లు పనిచేస్తోంది. ఇంట్లో చేసుకోండి, తప్పులేదు. ఇక్కడ చేస్తే నాకు దారి మూసుకుపోతుంది."

మాణిక్యం ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. కావాలని చేసి ఉంటే మానేయొచ్చు. చేస్తున్నట్టే తెలియని పని ఎలా మానడం? కూతుర్ని బతికించుకోవడానికి తెచ్చి, కూతురికి అడ్డం పడుతున్నది తనే. ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది.

గదిలోకి వెళ్ళేసరికి అనుగ్రహకు ఎవరో చెప్పేశారు. తల చుట్టూ కట్టు, అందులోంచి జడలా వేలాడుతున్న తీగలు, రెండు రాత్రుల నిద్రలేమికి గుంటలు పడ్డ కళ్ళు. కోపంగా లేదు. అదే మాణిక్యాన్ని ఎక్కువ భయపెట్టింది.

"మమ్మీ, తుమ్ బాహర్ జావో," అంది. "ప్లీజ్. నువ్వుంటే రాదు."

ఆ ఆఖరి మాట తెలుగులో అంది. మాణిక్యం బ్యాగు తీసుకుని బయటికి నడిచింది.

తోడు లేకుండా పిల్లను ఉంచకూడదన్నది అక్కడి నియమం. నోవహుకు తను పనిచేసే చోట ఎక్స్‌రే డ్యూటీ, సెలవు దొరకలేదు. జ్ఞానకుమారే వచ్చింది. చేతిలో బైబిలు, కళ్ళనిండా బెదురు. మాణిక్యం ఆవిడకు ప్రమీలా దీదీ చెప్పినవన్నీ అప్పజెప్పి, వరండాలో ఇనుప బెంచీ మీద కూర్చుంది. తలుపు అద్దంలోంచి చూడకూడదని ఒట్టు పెట్టుకుంది.

సాయంత్రం అయిదింటికి లోపలి బటన్ బెల్లు మోగింది. మాణిక్యం లేచి నిలబడింది, తలుపు దాకా వెళ్ళింది, గొళ్ళెం మీద చెయ్యి వేసింది, తీసేసింది. లోపల్నుంచి జ్ఞానకుమారి ప్రార్థన వరండా అంతా వినపడుతోంది. మాణిక్యం గోడ వైపు తిరిగి సెకన్లు లెక్కపెట్టింది. తొంభై, నూరు, నూట పది. ఆగిందని ప్రమీలా దీదీ వచ్చి చెప్పేసరికి ఆవిడ జాకెట్టు చెమటతో తడిసిపోయింది.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి రెండోది వచ్చింది. ఇది నూట నలభై దాకా వెళ్ళింది. ఇక ఒక్కటి చాలన్నారు. వస్తే వెంటనే మందులు మొదలుపెడతారు. రాకపోతే నాలుగింటికి మంచం ఖాళీ చెయ్యాలి. సోమవారానికి రాంచీ నుంచి మరో పిల్లవాడు వస్తున్నాడు, టికెట్లు కూడా తీసుకున్నారట.

మాణిక్యం భయం అక్కడ రెండు తలలెత్తింది. రాకపోతే అన్న భయం ఒకటి. వస్తే, ఒక్క రోజులో మూడోది, మందు చుక్క లేని ఒంట్లో, ఆగకపోతే అన్నది ఇంకోటి. ఏది జరగాలని కోరుకోవాలో ఆవిడకు తెలియలేదు.

రెండున్నరకు జ్ఞానకుమారి తలుపు తీసుకుని వచ్చింది. "అయిదు నిమిషాలు చూడవే, బాత్‌రూముకెళ్ళొస్తాను. పొద్దుట్నుంచి బిగబట్టుకుని కూర్చున్నాను."

మాణిక్యం లోపలికి వెళ్ళి, కుర్చీని మంచానికి దూరంగా జరుపుకుని కూర్చుంది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుంది. అనుగ్రహ అది చూసి కాస్త నవ్వింది.

"టైం క్యా హువా?"

"రెండున్నర దాటింది. నీళ్ళు తాగుతావా?"

జవాబు రాలేదు. పిల్ల కళ్ళు ఎక్కడో ఆగిపోయాయి.

మాణిక్యం లేచింది. చెయ్యి దానంతటదే వెళ్ళబోయింది. ఆవిడ దాన్ని బటన్ మీదకు మళ్ళించి నొక్కింది. తర్వాత వంగి, పిల్ల కాళ్ళ మీదున్న దుప్పటి లాగి నేల మీద పడేసింది. పక్కకు జరిగి, గోడకు వీపు ఆనించి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. కెమెరాకు, కూతురికి మధ్య ఇప్పుడు ఏమీ లేదు.

"నీ పేరేంటి?" అంది. ఆ గొంతు ఆవిడకే కొత్తగా ఉంది.

అనుగ్రహ పెదవులు చప్పరిస్తోంది. ఎడమ చెయ్యి మెలితిరిగి బిగుసుకుపోయింది. కుడి చెయ్యి పరుపు తడిమింది, గాలి తడిమింది, తల్లి ఉన్న దిక్కుకు చాపింది.

"అమ్మా," అంది. మాటలొచ్చిన నాటి నుంచి మమ్మీ అని తప్ప పిలవని పిల్ల. "అమ్మా, చెయ్యివ్వు."

"ఇదేంటి?" అని అడగాలి. పెన్ను చూపించాలి. పెన్ను పక్కన బల్ల మీదే ఉంది, చేతులు వెనక్కి ఉన్నాయి, అవి ముందుకొస్తే ఎక్కడికెళ్తాయో ఆవిడకు తెలుసు. అందుకని నోటితోనే అడిగింది. "నీ పేరేంటమ్మా? ఇది ఏ ఊరు?"

"అమ్మా, చెయ్యివ్వు. అమ్మా, చెయ్యివ్వు."

గొంతులో ఏ భయమూ లేదు, ఏ తొందరా లేదు, నిద్రలో అడిగినట్టుంది. నాలుగోసారి కూడా అంతే స్పష్టంగా అడిగింది. తర్వాత తల పక్కకు తిరిగి, ఒళ్ళంతా బిగిసి, కొట్టుకోవడం మొదలైంది. ప్రమీలా దీదీ పరిగెత్తుకొచ్చింది. మాణిక్యం గోడకే అంటుకుని లెక్కపెట్టింది. నూరు దాటింది. నూట యాభై దాటింది. రెండు వందల దగ్గర ఆవిడకు వార్డులో చూసిన ఆ మనిషి మొహం వచ్చింది. ప్రభువా ఆపు, ప్రభువా ఆపు అనుకుంది, ఆ వారంలో మొదటిసారి ఏం అడగాలో తెలిసి అడిగింది. రెండు వందల పదికి ఆగింది.

అరగంటకు కళ్ళు తెరిచి అనుగ్రహ అడిగిన మొదటి మాట, "ఆయా క్యా?"

"వచ్చింది," అంది మాణిక్యం.

పిల్ల కళ్ళు మూసుకునే నవ్వింది. ఏమీ గుర్తులేదు. మాణిక్యం చెప్పలేదు. ఇంటికి వెళ్ళాక నోవహుకు కూడా చెప్పలేదు. కానీ తర్వాతి పది రోజులూ కూరలు తరుగుతున్నా, డ్యూటీలో బీపీ చూస్తున్నా ఆ పిలుపు చెవిలో పడుతూనే ఉంది. ఎవరైనా చెయ్యి చాపితే, మార్కెట్లో చిల్లర కోసం చాపినా సరే, ఉలిక్కిపడేది.

పదకొండో రోజున డాక్టర్ సూద్ తల్లినీ కూతుర్నీ పిలిపించింది. మర్నాడు సర్జన్లతో మీటింగు ఉందట. తీగల మీద కుడివైపే తేలింది గాని, మొదట్లో కొన్ని సెకన్లు రెండు వైపులా కలిసిపోయినట్టున్నాయంది.

"అందుకే ఒక సంగతి తేల్చుకోవాలి. మూడోది చూడండి." తెర మీద ఆ మధ్యాహ్నం మళ్ళీ మొదలైంది. "ఇక్కడ పెదవులు కదులుతున్నాయి. మైకు పైనెక్కడో ఉంది, ఏసీ హోరులో ఏమీ తెలియట్లేదు. ముందు రెండింటిలో మీ ఆంటీ ప్రార్థన తప్ప ఏమీ వినపడలేదు. ఫిట్స్ నడుస్తుండగా స్పష్టమైన మాటలు వచ్చాయంటే, మాటలుండే వైపు జోలికి అది పోలేదని మాకు మరో గట్టి ఆధారం. ఊరికే శబ్దం అయితే నేను రేపు ఆపరేషను అడగను. ఇంకో పరీక్ష చెయ్యాలి, అది ఎప్పటికవుతుందో చెప్పలేను. మీరు పక్కనే ఉన్నారు. అవి మాటలా, శబ్దమా?"

మాణిక్యం తెర వైపు చూసింది. గోడకు ఆనుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డ ఆడమనిషి. ఆ మనిషి వైపు చాపిన చెయ్యి.

శబ్దమే అంటే చాలు. తల కోయరు. కూతుర్ని స్ట్రెచర్ మీద తీసుకుపోయి తలుపులు మూయరు. ఈ పిల్ల తన తల్లి ఏం చేసిందో ఎప్పటికీ వినదు. చున్నీ కట్టుకుని పడుకోవడం తనకు అలవాటే. ఇంకో ఏడాది పడుకుంటుంది. ఆ ఒక్క మాట ఆవిడ నాలుక మీదకు వచ్చింది కూడా.

పక్కన అనుగ్రహ ఊపిరి బిగబట్టి తననే చూస్తోంది.

"మాటలే మేడం," అంది మాణిక్యం. "చెయ్యివ్వమని అడిగింది. అమ్మా, చెయ్యివ్వు అని. నాలుగుసార్లు."

"స్పష్టంగానేనా?"

"స్పష్టంగానే. ఇప్పుడు నేను మీతో మాట్లాడుతున్నంత స్పష్టంగా."

డాక్టరు రాసుకుంది. రెండు గీతలు కింద గీసింది. అనుగ్రహ తెర దగ్గరకు వంగి, వెనక్కి కట్టుకున్న ఆ చేతుల వైపు చూసింది.

"నువ్వు ఇవ్వలేదు," అంది.

"ఇవ్వలేదమ్మా."

"డర్ నహీ లగా?"

భయం లేదు, ఏం కాదు, నేనున్నాను అని పదిహేనేళ్ళుగా చెప్పీ చెప్పీ అరిగిపోయిన మాట ఒకటి మాణిక్యం దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఆ రోజు అది నోటికి రాలేదు.

"వేసింది. ఇప్పుడూ వేస్తోంది. చాలా భయమేస్తోంది నాకు."

అనుగ్రహ తల ఊపింది. డాక్టరు బల్ల మీద నుంచి ఆపరేషను కాగితాలు తనే లాక్కుని, పెన్ను మూత తీసింది.

"ఠీక్ హై," అంది. "ఆపరేషను రోజున కూడా అలాగే నిలబడు."

మాణిక్యం నిలబడతానంది.